నలభై మూడు రేకు పువ్వులు

ఆ కొండవాలు మీద నలభై మూడు ఇళ్ళున్నాయి. ఏ ఇంటి ముందు నిలబడి తలెత్తి చూసినా, కప్పు రెండు వాలులూ కలిసే చోట, ముక్కోణపు గోడ మీద ఒక రేకు పలక కనపడేది. ఆ పలకలో ఎనిమిది రెక్కల పువ్వు ఆకారంలో కత్తిరించిన కన్నాలుండేవి. అటకలో వేడి నిలవకుండా గాలి ఆడడానికి పెట్టినవి అవి. కన్నాలకు ముస్తాబెందుకు అని ఇంకెవరైనా అనుకునేవారేమో గానీ, ఆ రేకుల మేస్త్రి అనుకోలేదు. అందుకే ఆయనకు తల్లిదండ్రులు పెట్టిన పేరు కరెంటు బిల్లు మీద తప్ప ఇంకెక్కడా మిగల్లేదు. చిన్నా పెద్దా అందరికీ ఆయన పువ్వు మేస్త్రి.

ముందే ఒక మాట. మేస్త్రికి పొగరుంది. ఉండకూడదని ఎవరైనా అంటే, వాళ్ళు చేతిపని చేసి ఎరగరన్నమాట. తండ్రి బకెట్లు, గరాటులు చేసిన షెడ్డులోనే పదకొండో ఏట కత్తెర పట్టాడు. గీత గీయకుండా రేకు కోస్తాడు. కోసిన అంచు మీద వేలు పెట్టి రాస్తే గీరుకోదు. వాన పడుతుంటే ఊరంతా ఇళ్ళలోకి దూరితే, ఈయన గొడుగేసుకుని బయటికొచ్చేవాడు. తను బిగించిన చూరు గొట్టాల చివర నుంచి నీళ్ళు తెగని తాడులా పడుతున్నాయో లేదో చూసుకుంటూ వీధి ఈ చివర నుంచి ఆ చివరకు నడిచేవాడు. ఎక్కడైనా ఒక్క చుక్క పక్కకు జారితే, మర్నాడు పొద్దున్నే ఆ ఇంట్లోవాళ్ళు లేచేసరికి గోడకు నిచ్చెన ఆని ఉండేది. పిలవకపోయినా వచ్చేవాడు, వద్దన్నా దిగేవాడు కాదు.

పువ్వు మాత్రం ఆయన భార్యది. కొత్తల్లో ఆయన గాలికన్నాలు గుండ్రంగా కొట్టేవాడు. ఆవిడ చూసి, "ఎలకలు కొరికినట్టున్నాయండీ" అంది. అని ఊరుకోకుండా సుద్దముక్క తీసుకుని వంటింటి గచ్చు మీద ఎనిమిది రెక్కల పువ్వు వేసి చూపించింది. మేస్త్రి దాని మీద అడుగు పెట్టకుండా రెండు రోజులు వంటింట్లో అంచులెంట తిరిగి, మూడో రోజు రేకు మీదికి ఎక్కించాడు. ఒక్కో రెక్కా బొటనవేలు దూరేంత. ఆ మొదటి పువ్వు చెల్లెలికిచ్చాడు.

చెల్లెలు ఆ రోజుల్లో కొండకు అవతలి పక్క కాలనీలో ఇల్లు కట్టుకుంటోంది. బస్సు కండక్టరు. ఇరవై తొమ్మిదేళ్ళు టిక్కెట్లు కొట్టింది, ఈలతోనే బస్సు ఆపింది, ఈలతోనే కదిలించింది. ఎంతటివాళ్ళు పరిగెత్తుకొస్తున్నా నిమిషం ఆపేది కాదు. భర్త పోయినప్పుడు పదమూడో రోజుకల్లా డ్యూటీ ఎక్కింది. రిటైరైన నాడు డిపోలో అన్నీ అప్పగించి ఈల మాత్రం అప్పగించలేదు. పిల్లలు విజిలత్త అనేవాళ్ళు, తర్వాత పెద్దవాళ్ళూ అదే అన్నారు. ఆవిడ ఇంటి నెత్తిన పువ్వు చూసొచ్చి మేస్త్రి పక్కింటివాళ్ళడిగారు, వాళ్ళది చూసి ఇంకొకళ్ళు. పదేళ్ళు తిరిగేసరికి మేస్త్రి ఉండే వాలు మీద పువ్వు లేని ఇల్లు లేదు.

నిరుటి ఎండాకాలం కొండకు అవతలి పక్క అడవి అంటుకుంది. చెల్లెల్ని ముందే బస్సెక్కించేశారు. చేతిసంచీ, ఈల, కట్టుబట్టలు, అంతే ఆవిడ తెచ్చుకున్నవి. మంట ఆ కాలనీ దాకా రానేలేదు. వందడుగుల అవతల రోడ్డు దగ్గరే ఆర్పేశారు. అయినా రెండు రోజుల తర్వాత మేస్త్రి వెళ్ళి చూస్తే చెల్లెలి ఇల్లు లేదు. నాలుగు మొండిగోడలు, వాటి మధ్య బూడిద. విచిత్రమేమిటంటే ఇంటి ముందు నిమ్మచెట్టు పచ్చగా, కాయలతో సహా అలాగే ఉంది.

మేస్త్రికి అర్థం కాలేదు. చెట్టు కాలకుండా ఇల్లెలా కాలుతుంది? అగ్నిమాపక కేంద్రం నుంచి వచ్చిన అధికారిణి, ముప్పై అయిదేళ్ళుంటాయేమో, బూడిదలో వంగి వెతుకుతోంది. ఆయన అడిగితే ఓపిగ్గా చెప్పింది. మంట నడిచి వచ్చేదాకా ఇల్లు ఆగదట. గాలికి నిప్పురవ్వలు అరమైలు ఎగిరి వస్తాయి, సందు కోసం వెతుక్కుంటాయి, సందు దొరికితే అటకలోకి దూరి పాత కాయితాల మీదో గుడ్డల మీదో కూర్చుంటాయి. ఇల్లు లోపల్నుంచి పైకి కాలుతుంది. చెప్పి, బూడిదలోంచి ఒక పలక లాగి ఆయన చేతికిచ్చింది. నల్లబడ్డ రేకు. ఎనిమిది రెక్కలు. ఒక్కో రెక్క చుట్టూ మసి చారలు లోపలి వైపుకే సాగి ఉన్నాయి.

"ఇదుగో, ఇక్కణ్ణుంచే దూరాయి. ఇది ఎవరు చేశారో తెలుసా మీకు?" అంది ఆవిడ, నోటుపుస్తకం తెరుస్తూ.

మేస్త్రి పలకను అటు తిప్పి ఇటు తిప్పి చూశాడు. జీవితంలో ఎన్నిసార్లు ఈ ప్రశ్న అడిగించుకున్నాడో, ఎన్నిసార్లు అడక్కముందే జవాబు చెప్పాడో లెక్కలేదు.

"తెలీదమ్మా," అన్నాడు.

ఆవిడ రాసుకుంది. పలక పాత ఇనప సామాన్లలో వేస్తానని చెప్పి ఆయన అడిగి తెచ్చుకున్నాడు. గుమ్మడికాయ దొంగంటే భుజాలు తడుముకున్నాడని సామెత. ఈయన భుజాలు తడుముకోలేదు, పలకను తువ్వాల్లో చుట్టుకుని చంకలో పెట్టుకున్నాడు. అంతకన్నా గట్టిగా ఎవరూ దొరికిపోరు, కాకపోతే ఆ రోజు చూసినవాళ్ళు లేరు.

చెల్లెలు అన్న ఇంట్లో వెనక గదిలోకొచ్చింది. పోయినదాని గురించి ఏడవలేదు. వదిన చీరలు కట్టుకుని, వదినతో కలిసి కూరలు తరిగి, రేడియోకు వంత పాడింది. కానీ ఒక్క జబ్బు పట్టుకుంది. ఆ రోజు హడావుడిగా ఇల్లు వదిలేటప్పుడు తను స్టవ్ ఆర్పలేదేమోనని. టీ పెట్టుకున్నాననేది. దించానో లేదో, ఆర్పానో లేదో అనేది. తన చేత్తో తన ఇల్లు తగలబెట్టుకున్నానని ఆవిడ నమ్మకం. అన్నం తింటూ తింటూ లేచి వెళ్ళి స్టవ్ మర ముట్టుకుని వచ్చేది. వదిన ఎన్నోసార్లు చెప్పి చూసింది, ఆర్పే ఉంటావులే అమ్మాయ్ అని. మేస్త్రి మాత్రం కంచంలోంచి తలెత్తేవాడు కాదు.

ఆయనకు తెలుసు. ఒక్క మాట చెబితే ఆవిడ జబ్బు పోతుంది. ఆ ఒక్క మాటా చెబితే ఈయన నలభై ఏళ్ళ పేరు పోతుంది. చెప్పకుండానే చేసేయొచ్చు కదా అనుకున్నాడు. మనిషి తెలివి ఎప్పుడూ అడ్డదారినే ముందు చూస్తుంది.

షెడ్డు తలుపు వేసుకుని మొదలుపెట్టాడు. ఒక బల్ల ఫ్యాను, దాని ముందు ఇనప మూకుడులో ఎండుపుల్లలు, బొగ్గులు, ఎదురుగా చట్రంలో ఒక జల్లెడ, జల్లెడ వెనక దూది. ఫ్యాను తిప్పితే నిప్పురవ్వలు లేచి జల్లెడకు కొట్టుకుంటాయి. దూది అంటుకుంటే ఆ జల్లెడ పనికిరాదు. బియ్యం జల్లెడ వెనక దూది ఐదు లెక్క పెట్టేలోపే అంటుకుంది. టీ వడగట్టే జల్లెడ ఒక్క రవ్వనీ పోనివ్వలేదు గానీ, దాన్ని చూరు కింద వేలాడదీస్తే నెల తిరిగేసరికి దుమ్ముతో మూసుకుపోయింది. ఆ రెంటికీ మధ్యది కావాలి. వంటింట్లో ఒక్కో జల్లెడా మాయమవుతుంటే భార్య మొదట ఎలకలనుకుంది, తర్వాత పనిమనిషేమో అనుకుంది, చివరికి షెడ్డు తలుపు తోసి చూసింది. కాలిన జల్లెడల వైపు, బల్ల మీది నల్ల పలక వైపు చూసి, తలుపు మళ్ళీ దగ్గరగా వేసి వెళ్ళిపోయింది. ఆ సాయంత్రం పక్కింటి నుంచి ఇంకో జల్లెడ అరువు తెచ్చి షెడ్డు గుమ్మంలో పెట్టింది.

చివరికి తేలింది. స్టీలు తీగతో అల్లిన జాలీ, కన్నం ఎంతుండాలంటే ఆవగింజ వేస్తే ఇరుక్కుని ఆగాలి. అప్పట్నుంచి మేస్త్రి చొక్కా జేబులో ఆవాల పొట్లం ఉండేది. దుకాణంలో జాలీ చూపిస్తే మీద ఆవాలు చల్లేవాడు. కిందికి రాలితే చుట్ట చుట్టి వెనక్కిచ్చేసేవాడు. దుకాణంవాడు ఆయనకు తిరగమోత మేస్త్రి అని ఇంకో పేరు పెట్టాడు.

జాలీ దొరికింది. నిచ్చెనేసుకుని ఇళ్ళకు బయల్దేరాడు. కందిరీగలు గూళ్ళు పెడుతున్నాయి, లోపల్నుంచి జాలీ బిగిస్తానన్నాడు. మేస్త్రి మాట కాదనేదెవరు? అరవై నాలుగేళ్ళ మోకాళ్ళతో అటకల్లో పాక్కుంటూ, పువ్వు వెనక జాలీ కుట్టుకుంటూ పన్నెండిళ్ళు చేశాడు. బయటికి పువ్వు పువ్వులాగే ఉంది, లోపల జాలీ ఉంది. పామూ చావలేదు, కర్రా విరగలేదనుకున్నాడు. నిజానికి చావనిది పామే.

చలికాలం ముగిసే వేళ మొదటి ఇంటి అటక ఎక్కి చూసుకున్నాడు. పువ్వుకూ జాలీకీ మధ్య రెండంగుళాల సందు. ఆ సందు నిండా ఎండుటాకులు, పిచ్చికలు తెచ్చిన గడ్డిపరకలు, సాలెగూళ్ళు. రెక్కల్లోంచి లోపలికొచ్చినవన్నీ జాలీ దగ్గర ఆగిపోయి ఒత్తుగా పేరుకున్నాయి. పొయ్యి రాజేయడానికి ఇంతకన్నా బాగా ఎవరూ పేర్చలేరు. మిగతా పదకొండిళ్ళూ అంతే. పువ్వు ఉన్నంతకాలం జాలీ దండగ. పువ్వు తీసేయాలి. తీసేస్తే ఎందుకని అడుగుతారు.

ఆ వారమే ఇంకొకటి జరిగింది. అన్నా వదినలతో చెల్లెలు బజారుకు బయల్దేరింది. ముగ్గురూ బస్సెక్కారు. బస్సు కదిలి మలుపు తిరుగుతుండగా చెల్లెలు లేచి నిలబడింది, బస్సాపమంది. పొయ్యి ఆర్పానో లేదో చూసొస్తానంది. కుర్ర కండక్టరు విసుక్కున్నాడు. ఒక్కరి కోసం బస్సు ఆగదమ్మా అన్నాడు. ఇరవై తొమ్మిదేళ్ళు తను అందరితో అన్న మాట అది. ఆ మాటకు ఎదురు చెప్పలేక, దిగలేక, కూర్చోలేక ఆవిడ కడ్డీ పట్టుకుని నిలబడిపోయింది. కళ్ళ నిండా నీళ్ళు. మేస్త్రి చెల్లెలి చేతిసంచీలోంచి ఈల అందుకుని తనే ఊదాడు. బస్సు ఆగింది.

ఇంటికి వచ్చాక ఆవిణ్ణి స్టవ్ దగ్గరికి పోనివ్వలేదు. చెయ్యి పట్టుకుని షెడ్డులోకి తీసుకెళ్ళాడు. తువ్వాలు విప్పి పలక చూపించాడు. చెప్పడం చేతకాలేదు, అందుకని బొగ్గులు రాజేసి ఫ్యాను తిప్పాడు. ఆ నల్ల పలకనే చట్రంలో నిలబెట్టి వెనక దూది పెట్టాడు. రవ్వలు రెక్కల్లోంచి వరసగా దూరాయి. దూది భగ్గుమంది.

చెల్లెలు వంగి, రెక్కల్లోంచి అవతలి దూదిని చూసింది.

"అయితే స్టవ్ ఆర్పానన్నమాట," అంది.

"ఆర్పావమ్మా. ఆర్పే వెళ్ళావు."

"నీకెప్పట్నుంచి తెలుసన్నయ్యా?"

"రెండో రోజునుంచి."

ఆవిడ వెళ్ళి వెనక గదిలో తలుపు వేసుకుంది. మూడు రోజులు అన్నతో మాట్లాడలేదు. ఆయన గదిలోకొస్తే ఆవిడ వాకిట్లోకి వెళ్ళేది. ఆ మూడు రోజుల్లో ఒక్కసారి కూడా స్టవ్ మర ముట్టుకోలేదని భార్య చెప్పింది, ఆ మాట చెప్పేటప్పుడు ఆవిడ కూడా మొగుడి మొహం చూడలేదు. నాలుగో రోజు పొద్దున మేస్త్రి షెడ్డు తెరిచేసరికి చెల్లెలు మెడలో ఈల వేసుకుని నిచ్చెన పక్కన నిలబడి ఉంది.

"నా ఇల్లెలాగూ పోయింది. ఇంకా నలభై మూడున్నాయిగా," అంది. "ముందు వాళ్ళకి నిజం చెప్పు. కందిరీగల కబుర్లు చెప్పకు."

వీధి చివర లైబ్రరీ గదిలో జనాన్ని పోగేశారు. మేస్త్రి పలక బల్ల మీద పెట్టి, పువ్వు వల్లే చెల్లెలి ఇల్లు కాలిందని, మీ ఇళ్ళకీ అదే ఉందని, పన్నెండు ఇళ్ళవాళ్ళకు తను అబద్ధం చెప్పానని నిలబడి చెప్పాడు. అధికారిణి అడిగినప్పుడు బొంకిన సంగతి కూడా దాచలేదు. చెబుతున్నంతసేపూ టోపీ తీసి చేతిలో నలుపుతూనే ఉన్నాడు. వెనక వరసలోంచి వడ్రంగి లేచాడు. మేస్త్రికీ ఆయనకూ చుట్టరికం ఏమీ లేదు, ముప్పై ఏళ్ళుగా ఒకర్నొకరు బావా అని పిలుచుకుంటూ ఒకరి పనికి ఒకరు వంకలు పెట్టుకోవడమే చుట్టరికం.

"ఎవడన్నా చెవిలో పువ్వు పెడతాడు గానీ, నువ్వేంటి బావా, ఏకంగా కొంప మీదే పెట్టావు?" అన్నాడు.

గదంతా నవ్వింది. మేస్త్రికి కూడా నవ్వొచ్చింది, ఆ నవ్వులోనే కళ్ళు తుడుచుకున్నాడు. పువ్వు తీసేస్తే ఇల్లు బోడిగా ఉంటుందని ఎవరో సణిగారు. అప్పుడు మేస్త్రి భార్య లేచి, "పువ్వు గీసింది నేను. కోసేయమంటున్నదీ నేనే. ఇంకెవరికైనా బాధ ఉందా?" అంది. ఎవరికీ లేదు.

మూడు నెలలు పట్టింది. ఎండలు ముదిరేలోపు అయిపోవాలని పొద్దున ఆరింటికే నిచ్చెన కదిలేది. పలక ఊడదీయడం, కొత్త చట్రం బిగించడం, జాలీ లాగి రివెట్లు కొట్టడం, అంచుల్లో ఆవగింజ దూరే సందైనా ఉందేమో వేలితో తడిమి చూడటం. తాను కట్టిన ముడి తానే విప్పుకోవడం ఎంత కష్టమో చేసినవాడికే తెలుస్తుంది. ఎంత గట్టిగా బిగించి చచ్చాను అని తన పాత రివెట్లను తనే తిట్టుకునేవాడు. తిట్టులో కూడా కొంచెం గర్వం లేకపోలేదు. రిటైరైన బ్యాంకు గుమాస్తా ఒకాయన ఇంత అవస్థ ఎందుకని తనే దోమతెర ముక్క కొట్టుకున్నాడు. మేస్త్రి వాదించలేదు, ఒక్క బొగ్గు రవ్వ దాని మీద వేసి చూపించాడు. ప్లాస్టిక్ తెర గుమాస్తాగారి కళ్ళముందే మైనంలా కారిపోయింది. ఇంకొకాయన జాలీ గోడ రంగులో కలిసిపోవాలని దానికి రంగు దట్టంగా పట్టించాడు. కన్నాలన్నీ మూసుకుపోయి అటక కుంపటైపోయింది. మేస్త్రి ఆ జాలీ పీకి మళ్ళీ కొత్తది వేశాడు, నోరు మాత్రం ఊరుకోలేదు.

పైన మేస్త్రి, కింద చెల్లెలు. గోడ నుంచి ఐదడుగుల దాకా కాలేదేదీ ఉండకూడదని ఆవిడ శాసనం. ఎండుగడ్డి, కట్టెలు, పీచు పట్టాలు, అట్టపెట్టెలు, ప్లాస్టిక్ కుర్చీలు, గోడకానించిన చీపుళ్ళు. దేన్ని చూసినా ఈల ఊదేది. "ముందుకు జరగాలి, ముందుకు జరగాలి, ఐదడుగులు ముందుకు జరగాలి" అంటూ బస్సులో జనాన్ని తోసినట్టే కట్టెలమోపుల్ని తోయించేది. చూరు గొట్టాల్లో ఎండుటాకులు తీయడానికి వీధిలో ఆడవాళ్ళంతా వంతులేసుకున్నారు. వడ్రంగి ఒక్కడు మొండికేశాడు. నా చెక్కపొట్టు నా గోడ పక్కనే ఉంటుందన్నాడు. ఆవిడ రోజూ వెళ్ళి ఆయన గుమ్మంలో నిలబడి ఈల ఊదింది. తొమ్మిదో రోజు ఆయన చేతులెత్తేసి, చెక్కలూ పొట్టూ అన్నీ ముప్పై అడుగుల అవతల పాత పాకలోకి మార్చుకున్నాడు. నలభై మూడో ఇల్లు మేస్త్రిదే. అక్కడి పువ్వు తీసేటప్పుడు భార్య నిచ్చెన పట్టుకుంది. ఊడిన పలకలేవీ ఎవరూ పారేయలేదు, గేట్లకు బిగించుకున్నారు. పువ్వులు నెత్తిన లేకపోయినా వీధిలో లేకుండా పోలేదు.

నెల తిరక్కుండానే అడవి మళ్ళీ అంటుకుంది, గాలి ఇటు మళ్ళింది. మధ్యాహ్నం రెండింటికి ఆకాశం ఇటుకరంగుకు తిరిగింది, కొండ మీద నుంచి పొగ ఈ పక్కకే దిగింది. అందర్నీ వెళ్ళిపొమ్మని మైకులో చెప్పారు. మూడు బస్సులొచ్చాయి. చెల్లెలు మెట్టు మీద నిలబడి తలలు లెక్కపెట్టుకుంటూ ఎక్కించింది. ముసలివాళ్ళు ముందు, పిల్లల తల్లులు తర్వాత. అందరూ ఎక్కినా మేస్త్రి మాత్రం నీళ్ళగొట్టం పట్టుకుని వీధిలోనే నిలబడ్డాడు, ఉండి తడుపుతానని. ఆవిడ ఈల ఊదింది.

"ఎక్కన్నయ్యా. నీ పని నువ్వు చేశావు. ఇళ్ళ పని ఇళ్ళు చేసుకుంటాయి."

ఎక్కాడు. బస్సు మలుపు తిరిగింది. మేస్త్రి చెల్లెలి వైపే చూస్తున్నాడు. ఆవిడ కడ్డీ పట్టుకుని ముందు సీటువాళ్ళను సర్దుకోమంటోంది. స్టవ్ మాట ఎత్తలేదు.

రెండు రాత్రులు పట్నంలో బడి గదుల్లో పడుకున్నారు. ఎవరికీ ఏ కబురూ లేదు. మూడో రోజు పొద్దున రానిచ్చారు. మలుపు దాకా కొండంతా నలుపు. కంచెలు కాలిపోయాయి, కరెంటు స్తంభం ఒకటి విరిగి పడి ఉంది. మలుపు తిరిగాక ముందు సీట్లో కూర్చున్న గుమాస్తాగారు లెక్కపెట్టడం మొదలుపెట్టాడు, గట్టిగానే, పిల్లవాడు ఎక్కం అప్పజెప్పినట్టు. పది దాటాయి, ఇరవై దాటాయి, ముప్పై దాటాక మిగతావి బస్సంతా కలిసి లెక్కపెట్టింది. నలభై మూడు.

వడ్రంగి పాక మాత్రం బూడిదైంది. ఆయన దాని ముందు నిలబడి, ముప్పై అడుగుల ఇవతల నిక్షేపంలా ఉన్న తన ఇంటిని చూసి, విజిలత్త దగ్గరికెళ్ళి రెండు చేతులూ జోడించాడు. ఇంకోసారి నా గుమ్మంలో ఈల ఊదితే మాత్రం ఊరుకోను అన్నాడు, ఏడుస్తూనే.

మేస్త్రి ఇంటి గోడకు అప్పటికే నిచ్చెన వేసి ఉంది. మీద ఆ అధికారిణే, అదే నోటుపుస్తకంతో. జాలీకి కొట్టుకుని ఆరిపోయిన రవ్వల్ని వేలుగోటితో గీరి లెక్కపెడుతోంది. ఒక్క చట్రంలోనే ఇరవై ఏడు. ఒక్కటీ లోపలికి పోలేదు. వాకిట్లో కాలిన మచ్చలున్నాయి, గోడ నుంచి ఐదడుగుల లోపల అంటుకోవడానికి మాత్రం వాటికేమీ దొరకలేదు. నిచ్చెన కొంచెం ఊగుతోందని మేస్త్రి వెళ్ళి పట్టుకున్నాడు. ఆవిడ కిందికి చూసింది, గుర్తుపట్టినట్టే ఉంది. ఇన్ని ఇళ్ళు ఒక్కలా నిలబడటం తన ఉద్యోగంలో చూడలేదంది. చుట్టూ జనం చేరారు.

"ఇది ఎవరు చేశారో తెలుసా మీకు?" అంది, పుస్తకం తెరుస్తూ.

చెల్లెలు నోరు తెరవబోయింది. మేస్త్రి చేత్తో వారించాడు.

"నేనే అమ్మా. నిరుడు మీరు నా చేతికిచ్చిన పలక కూడా నేనే చేశాను. అది నా చెల్లెలి ఇల్లు. ఆ రోజు తెలీదని అబద్ధం చెప్పాను."

ఆవిడ పుస్తకంలో కాయితాలు వెనక్కి, చాలా వెనక్కి తిప్పింది. 'చేసినవారు తెలియదు' అని రాసుకున్న చోట వేలు పెట్టి ఆగింది.

"పేరేమని రాయమంటారు?"

"పువ్వు మేస్త్రి అని రాయండి," అన్నాడు. "రెండు చోట్లా అదే రాయండి."

ఆవిడ పాతది కొట్టేసి రాసింది, కాయితాలు ముందుకు తిప్పి మళ్ళీ రాసింది. ఆవిడ రాయడం పూర్తయ్యేదాకా ఆయన తలెత్తి, నిచ్చెన పట్టుకుని నిలబడ్డాడు.